పరీక్ష ఫలితం: అనుకూలం

నవంబర్ 3, సోమవారం

మొదటి రోజు. నారాయణగూడ చౌరస్తా దాటాక, టిఫిన్ సెంటర్ పైన రెండో అంతస్తు. మెట్ల పొడుగునా అల్లం చట్నీ వాసన. పైన అద్దాల గది, నేల మీద కూలబడడానికి మెత్తటి సంచులు, గోడ నిండా ఇంగ్లీషు నీతివాక్యాలు. పల్లెటూరి ఆసుపత్రుల్లో రిజిస్టర్లు మానిపించి రోగుల వివరాలన్నీ కంప్యూటర్లో పెట్టించే కంపెనీ ఇది. పల్లెటూరు చూసిన మొహం ఒక్కటీ కనపడలేదు.

కిరణ్ — ప్రాజెక్టు మేనేజరట, నా ఆఖరి బ్యాచ్ పిల్లల ఈడు ఉంటుంది — లాప్‌టాప్ నా వైపు తిప్పాడు. తెర మీద కనపడే ప్రతి మాటకూ తెలుగు కావాలి. రోగి చేతికిచ్చే చీటీకి, ఫోనుకు వెళ్లే మెసేజికి కూడా. ఇప్పటికే యంత్రం చేత ఒకసారి చేయించారట. "జస్ట్ పాలిష్ చేయండి మేడమ్, చాలు."

పాలిష్! డెలివరీకి 'బట్వాడా'. డిశ్చార్జికి 'విడుదల' — రోగి కాదు, జైలు ఖైదీ. ఆపరేషన్ థియేటర్‌కు 'నాటకశాల'. స్టూల్ టెస్టుకు 'ముక్కాలిపీట పరీక్ష'. పైకే నవ్వేశాను. కిరణ్ కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. వాడికి ముక్కాలిపీట అంటే ఏమిటో తెలియదు.

ముప్పై ఏళ్లు ఆడపిల్లల కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో కూర్చుని కందులు బాగుచేసుకోవాల్సిన దాన్ని. కానీ ఈ అజ్ఞానం చూశాక... పని ఉన్నట్టే ఉంది.

నవంబర్ 5

'ఫాలో అప్'కు యంత్రం ఇచ్చింది — వెంబడించుము. కొట్టేశాను. 'పునఃపరిశీలన' అని రాశాను. నోటినిండా ఉంది.

నవంబర్ 7, శుక్రవారం

ఆసుపత్రి వాళ్లతో కంప్యూటర్లో సమావేశం. పాలమూరు వైపు ఒక మండలంలో ముప్పై పడకల ఆసుపత్రి. మొదట అక్కడే పెట్టి చూస్తారట. డాక్టరు ఐదు నిమిషాలు ఉండి లేచి వెళ్లాడు. మిగిలింది సిస్టర్ యాదమ్మ, ఆవిడ వెనక తిరగని ఫ్యాను.

కఫ పరీక్ష అన్న మాట ఆవిడకు నచ్చలేదు. "తెమడ అనాలె మేడమ్. కఫం అంటె ఎవరికి ఎరుకైతది?"

తెమడ! సర్కారు చీటీ మీద తెమడ అని అచ్చు వేయాలట. వినడానికే రోత.

అసలు పేచీ పాజిటివ్, నెగెటివ్ దగ్గర. "పాజిటివ్ అనే ఉంచుండ్రి, అందరికీ తెలిసిందే" అంటుంది ఆవిడ. కిరణ్‌దీ అదే పాట. తెలుగు అక్షరాల్లో రాసినంత మాత్రాన ఇంగ్లీషు తెలుగైపోతుందా? ముందు 'ధనాత్మకం' అనుకున్నాను — లెక్కల పుస్తకం వాసన. అనుకూలం, ప్రతికూలం. ఏ రోగం ఉందా అని చూస్తున్నారో దానికి అనుకూలంగా వస్తే అనుకూలం. ముచ్చటైన జంట.

"అనుకూలం అంటె మా దిక్కు..." అని యాదమ్మ ఏదో మొదలుపెట్టింది.

"మీ దిక్కు సంగతి కాదమ్మా. ఇది తెలుగు సంగతి" అన్నాను.

కిరణ్ తరువాతి మాటకు వెళ్లిపోయాడు.

బాగా అన్నాను.

నవంబర్ 8

కాఫీ దగ్గర ఈయనకు చెప్పి నవ్వాను. ఈయన నవ్వలేదు. "ఇంతకీ ఆ అమ్మాయి ఏం చెప్పబోయింది?"

ఏమో. నేనెందుకు అడుగుతాను! బ్యాంకులో సంతకాలు పెట్టి రిటైరైన మనిషికి మాటల సంగతి ఏం తెలుస్తుంది.

నవంబర్ 12, బుధవారం

ఆటో దొరక్క అశోక్‌నగర్ మీదుగా ఇంటికి నడక. అడుగడుగునా హాస్టళ్ల పిల్లలు. ఒక చేతిలో బిట్ల పుస్తకం, ఇంకో చేతిలో టీ. ఒకడు పక్కవాడికి ప్రకృతి, వికృతులు అప్పజెబుతున్నాడు — 'ఆశ్చర్యం, అచ్చెరువు' అనడానికి 'అచ్చు చెరువు' అన్నాడు. ఆగి దిద్దాను. "థ్యాంక్స్ అక్కా" అన్నాడు. అక్క! అరవై దాటిన దాన్ని. రేపు వీడే ఏ ఆఫీసులోనో కూర్చుని ఊళ్లేలుతాడు. అచ్చు చెరువుతో.

నవంబర్ 14

కిరణ్ కొత్త నిబంధన. ఒక ఇంగ్లీషు మాటకు ఒక్కటే తెలుగు మాట. ఎక్కడ వచ్చినా అదే. "సిస్టమ్ అలాగే తీసుకుంటుంది మేడమ్." భాష వీళ్లకు ఇటుకల బట్టీ. అన్నీ ఒకే కొలత.

అన్ని మాటలూ ఒకసారి చూసి, కింద నా పేరు కొట్టి, 'ఆమోదించబడినది' నొక్కాను. అదీ నా మాటే.

నవంబర్ 17, సోమవారం

ఈరోజే అక్కడ మొదలు. మేం ఇక్కడి నుంచి తెర మీద చూశాం. ఎవరో అధికారి రిబ్బను కత్తిరించి, మౌస్ తిరగేసి పట్టుకుని ఫోటో దిగాడు. పాత రిజిస్టర్లు బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇక ఫలితం చెప్పడానికి సిస్టరు ఇల్లిల్లూ తిరగనక్కర్లేదు. రోగి ఫోనుకు మెసేజ్ దానంతట అదే వెళుతుంది. వెళ్లగానే పేరు పక్కన పచ్చటి అక్షరాలు — 'తెలియజేయబడినది'.

ఆఫీసులో కేకు. దాని మీద 'శుభాకాంక్షలు'లో భకు వత్తు లేదు. రాసినవాడికీ పట్టలేదు, తిన్నవాళ్లకూ పట్టలేదు.

నా మాటలు తెర మీద చూసుకున్నాను. గర్వంగా లేదని అబద్ధం ఎందుకు రాయాలి.

నవంబర్ 24

రెండో జిల్లా కూడా వస్తుందంటున్నాడు కిరణ్. "మీ వర్డింగ్ క్లాసీగా ఉంది మేడమ్" అట. మెచ్చుకోవడానికి కూడా తెలుగు లేదు వాడికి.

డిసెంబర్ 9, మంగళవారం

పదకొండింటికి యాదమ్మ ఫోన్. నా నంబరు కిరణ్ ఇచ్చాడట. పాఠం చెబుతున్నట్టు మెల్లగా మాట్లాడింది. నాకు.

ఊళ్లో బాలమ్మ అని ఒకామె. నెల రోజులుగా దగ్గు. ఆసుపత్రిలో తెమడ ఇచ్చి, ఫలితం రాకముందే మొగుడితో, చిన్నబిడ్డతో హైదరాబాద్ బిల్డింగ్ పనికి వెళ్లిపోయింది. నవంబర్ ఇరవై ఒకటిన మెసేజ్ వెళ్లింది. టీబీ. ఆమె పేరు రాసి పక్కన పెట్టిన మందుల డబ్బా ఇవాళ్టికీ అట్లాగే ఉందట. అది చూసి యాదమ్మ వాళ్లకు ఫోన్ చేసింది.

"ఆమె మొగడు కుర్మయ్య ఒక్కసారి ఎత్తిండు మేడమ్. మంచిగనే ఉన్నదని మీరే రాసిన్రు గదా సిస్టర్, అన్నడు. నేను చెప్పేలోపల్నే పెట్టేసిండు. అప్పటిసంది ఫోన్ కలుస్తలేదు."

మంచిగా ఉందని ఎవరు రాశారు, అన్నాను.

"అనుకూలం అని రాసిన్రు గదా మేడమ్."

ఆవిడే అంది — "ఆ దినం అదే చెప్పబోతి. మా దిక్కు పిల్ల సంబంధం కుదిరితె అనుకూలం అంటరు. పంచాంగం చూపిచ్చుకుంటె అనుకూలం అంటరు."

మా దిక్కూ అంతే. ఎవరి దిక్కైనా అంతే. ఆ మాట ఆవిడతో అనలేదు.

వాళ్ల పెద్దడాక్టరు అడగమన్నాడట — హైదరాబాద్‌లో కంపెనీ వాళ్లెవరైనా పోయి వెతకగలరా అని. రాంనగర్ దగ్గర ఏదో బస్తీ అని మాత్రం తెలుసు. చిక్కడపల్లిలో మా ఇంటి నుంచి రాంనగర్ నడిచి పోయేంత దూరం.

డిసెంబర్ 10

కిరణ్‌కు చెప్పాను. తెర మీద బాలమ్మ పేరు వెతికి చూపించాడు. పచ్చటి అక్షరాలు: తెలియజేయబడినది. "సిస్టమ్ సైడ్ మనం క్లీన్ మేడమ్. వాళ్లు మెసేజ్ చూశారు కూడా, నీలం టిక్కులు పడ్డాయి."

ఆ మాట ఇవాళే మార్చమన్నాను. కుదరదట. జనవరి చివర కొత్త వెర్షన్ వస్తుందట, అప్పుడు. అప్పటిదాకా? "సిస్టర్‌ను మాన్యువల్‌గా ఫోన్లు చేయమనండి." మెత్తటి సంచిలో కూలబడి, కాలు మీద కాలు వేసుకుని అన్నాడు. చెంప మీద కొట్టాలనిపించింది. ముప్పై ఏళ్లలో ఒక్క పిల్లనూ కొట్టలేదు.

అప్పుడన్నాడు — "వర్డింగ్ మీరే అప్రూవ్ చేశారు కదా మేడమ్. నేను పాజిటివ్ అనే ఉంచుదామన్నాను."

అన్నాడు. నిజమే. వెధవ మాట నిజం కావడం కన్నా మంట ఇంకొకటి లేదు.

డిసెంబర్ 11, గురువారం

ఏడింటికల్లా రాంనగర్‌లో కూలీల అడ్డా. టీ బండి చుట్టూ వందమందికి తక్కువ లేరు. తట్టలు, పారలు, టిఫిన్ డబ్బాలు. నేను ఆగగానే పదిమంది చుట్టుముట్టారు. "ఏం పనమ్మా? గోడనా? మట్టి ఎత్తుడా? ఇద్దరు సాలునా?"

"పాలమూరు జిల్లా నుండి వచ్చిన కుర్మయ్య అనే వ్యక్తి గురించి తెలుసుకోవాలి" అన్నాను. నా గొంతు నాకే రేడియో వార్తల్లా వినపడింది. పనికి కాదని తెలియగానే అందరూ తిరిగి వెళ్లిపోయారు. ఒక ముసలాయన మాత్రం, "ఏ కుర్మయ్య? మా దిక్కు ఇంటికొక కుర్మయ్య ఉంటడు" అన్నాడు.

నిజమే. రిజిస్టరైతే ఇంటిపేరు ఉండేది. కంప్యూటర్లో ఇంటిపేరు తప్పనిసరి కాదని వదిలేశారట.

డిసెంబర్ 12

మళ్లీ వెళ్లాను. మోకాలు నొప్పి. దొరకలేదు.

ఈయన అడిగారు, పొద్దున్నే ఎక్కడికి అని. చెప్పాను, మొత్తం. ఆయన మోకాలికి రాసే నూనె తెచ్చి పక్కన పెట్టారు. తిడితే బాగుండేది.

డిసెంబర్ 13

ఈసారి రేడియో కట్టిపెట్టి అడిగాను — "చంటిబిడ్డతోని ఉన్న బాలమ్మ, బాగ దగ్గుతది, ఎవరికన్న తెలుసా?" నా నోట్లో ఆ మాటలు అరువు చీరలా ఉన్నాయి. కానీ ఇటుకల తట్ట బోర్లించి కూర్చున్న ఒకామె వెంటనే తలెత్తింది. "దగ్గే బాలమ్మనా? పది దినాలాయె, నల్లకుంటల సెల్లార్ పనికి పోయిన్రు. ఆడనే ఉంటున్నరు. ఏమైందమ్మా, ఎందుకు ఎతుకుతున్నవ్?"

డిసెంబర్ 14, ఆదివారం

దొరికారు.

నల్లకుంట మార్కెట్ వెనక సందు. అపార్ట్‌మెంటు లేస్తోంది. పిల్లర్ల మధ్య రేకుల గది. బయట సిమెంటు సంచి మీద కూర్చుని కుర్మయ్య గడ్డం గీసుకుంటున్నాడు. కంపెనీ పేరు చెబితే అయోమయంగా చూశాడు. యాదమ్మ సిస్టర్ పంపింది అనగానే లేచి నిలబడ్డాడు. సగం మొహాన సబ్బు నురగ. "సిస్టరా? మంచిగుందా?"

బాలమ్మ లోపల్నుంచి వచ్చింది. పాతికేళ్లు దాటవు. చంకలో రెండేళ్ల పాప, అనిత. కొంగు నోట్లో కుక్కుకుని దగ్గుతోంది. పాపా దగ్గుతోంది. ఆమె దగ్గును చూసి నేర్చుకున్నట్టు చిన్నగా, పొడిగా.

ఫోన్ ఎందుకు కలవదంటే — రీచార్జి అయిపోయింది, మేస్త్రి ఇంకా కూలి ఇవ్వలేదు. కానీ మెసేజ్ దాచుకున్నాడు. తీసి నా మొహం ముందు పెట్టాడు, పరీక్షలో నెగ్గిన పిల్లవాడు మార్కుల కాగితం చూపినట్టు.

'మీ కఫ పరీక్ష ఫలితం: అనుకూలం.'

"నేనే చదివిన అమ్మా. నాలుగు దాకనే సదువుకున్న, అయినా కూడబలుక్కొని చదివిన. కఫం అంటె సమజ్ గాలె గని, అనుకూలం తెలుసు గదా. ఇంగ్లీషుల ఉంటె ఎవర్నన్న అడుగుతుంటి. తెలుగులనే ఉండె..."

తెలుగులనే ఉండె.

టీబీ ఉందని చెప్పాను. బాలమ్మ ముందు అర్థం కానట్టు చూసింది, తరువాత చుట్టూ చూసి చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. "మెల్లగ అనమ్మా. మేస్త్రి ఇంటె పనిలకెల్లి తీసేస్తడు."

కుర్మయ్య గుమ్మంలోనే నిలబడ్డాడు. "మరి గట్లెట్ల రాసిన్రు?"

"తప్పు పడిందయ్యా" అన్నాను.

పడింది. ఆకాశం నుంచి పడింది. తెలియజేయబడినది, ఆమోదించబడినది, తప్పు పడింది. ముప్పై ఏళ్లు కర్తను గుర్తించమని పిల్లల ప్రాణాలు తీసిన దాన్ని.

డిసెంబర్ 15, సోమవారం

పొద్దున రాంనగర్ బస్తీ దవాఖానకు తీసుకెళ్లాను. ఒక పూట పని పోతుందని బాలమ్మ గొణిగింది, అయినా వచ్చింది. ముక్కుకూ నోటికీ కొంగు చుట్టుకుని, ఆటోలో నాకు దూరంగా అంచున కూర్చుంది. నా కోసమే.

చిన్న డాక్టరమ్మ, విసుగు మొహం. ఊరి చీటీ ఉందా అంది. యాదమ్మ పంపిన ఫోటో నా ఫోన్లో చూపించాను. చదివింది. మళ్లీ చదివింది.

"అనుకూలం అంటే ఏంది? నెగెటివ్ అనా?"

"పాజిటివ్" అన్నాను.

"మరి పాజిటివ్ అని రాయనీకి ఏం రోగం వీళ్లకు!"

రోగమే.

మందులు ఇక్కడే ఇస్తారట, ఊరికి తిరిగి వెళ్లనక్కర్లేదట. ఆరు నెలలు, ఒక్క రోజు మానకూడదు. అన్నీ రాసి, డాక్టరమ్మ పాపను చూసింది. "ఎవరి పక్కన పండుకుంటది?"

"నా పక్కన్నే. ఇంక పాలు తాగుతది."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. పాప దగ్గు ఎన్ని రోజులుగా అంది. వారం, పది దినాలు అంది బాలమ్మ. బరువు తూచారు. ఎక్స్‌రే తీయించి వచ్చే సోమవారం తీసుకురమ్మన్నారు, పాపకూ అంటిందేమో చేతికి సూది వేసి చూడాలట.

నవంబర్ ఇరవై ఒకటి నుంచి డిసెంబర్ పదిహేను. వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో మానేశాను.

డిసెంబర్ 16

కిరణ్ అందరికీ పంపిన ఉత్తరం: మొదటి నెల ఘనవిజయం. రోగులందరికీ ఫలితాలు 'తెలియజేయబడినవి'. కింద చప్పట్ల బొమ్మలు. ఒకడు మంట బొమ్మ కూడా పెట్టాడు — మెచ్చుకోలుకట.

నేను చదివి మూసేశాను. ఏ బొమ్మా పెట్టలేదు. అంతే నా ధైర్యం.

డిసెంబర్ 18, గురువారం

యాదమ్మ ఫోన్. బీరువా తాళం తీయించుకుని పాత రిజిస్టరు మళ్లీ రాస్తోందట, దొంగచాటుగా. అనుకూలం అని మెసేజ్ వెళ్లిన వాళ్లందరికీ ఒక్కొక్కరుగా ఫోన్ చేసింది. ఇంకో ఇద్దరు దొరికారు. ఒక ముసలాయన తండాలో, స్కూటీ మీద పోయి మందులిచ్చి వచ్చింది. ఇంకొకతె కాన్పు కోసం పుట్టింటికి పోయింది, మనిషిని పంపింది.

నేను క్షమాపణ చెప్పబోయాను. నాకు చేతకాని ప్రక్రియ. "ఆ రోజు మీరు చెప్పేది వినవలసింది" అన్నాను.

"వినకపోతిరి గదా మేడమ్" అంది. తిట్టు కాదు, ఓదార్పు కాదు. ఉన్నమాట. తరువాత అడిగింది — "'టీబీ ఉన్నది, దవఖానకు రండి' అని రాస్తె అయిపోతుండె. అదీ తెలుగే గదా?"

తెలుగే. నాకు తోచలేదు. తోచినా తక్కువ అనిపించి ఉండేది.

డిసెంబర్ 20, శనివారం

సాయంత్రం నల్లకుంట వెళ్లాను, గోలీలు వేసుకుంటోందా అని. వేసుకుంటోంది. మూత్రం ఎర్రగా పోతోందని భయపడింది. మందు రంగేనని డాక్టరమ్మ చెప్పిందని గుర్తు చేశాను. పాప నా ఒళ్లోకి వచ్చింది, కళ్లజోడు తీసుకుంది. బరువే లేదు. తడిపి ఆరేసిన గుడ్డలా ఉంది.

బాలమ్మ టీ పెట్టింది. నా గ్లాసు విడిగా, రెండుసార్లు కడిగి. "నువ్వెందుకమ్మా గింత తిరుగుతున్నవ్ మా కోసం? మాకేమైతవ్?"

జవాబు నోటిదాకా వచ్చింది. టీ తాగాను.

ఛీ.

డిసెంబర్ 22, సోమవారం

దవాఖాన. పాప చేతికి సూది వేశారు. ఎల్లుండి చూస్తారట, ఉబ్బిందా లేదా అని. ఎక్స్‌రే కూడా పెద్ద డాక్టరుకు పంపారు. ఈలోపు ఏమీ చెప్పలేమంది డాక్టరమ్మ. పాప ఏడ్చి ఏడ్చి నా భుజం మీద నిద్రపోయింది. బయట బెంచీ మీద ముగ్గురం.

కుర్మయ్య అన్నాడు — "అమ్మా, నువ్వు సదువుకున్నదానివి. ఆ మెసేజ్ రాసినోని మీద కేసు పెట్టనీకి వస్తదా? పైసల కోసం గాదు. వాని మొకం ఒక్కసారి సూడాలె."

నేనే రాశాను, అన్నాను.

అర్థం కాలేదు ముందు. మళ్లీ చెప్పాను. ఆ మాట నేనే రాశాను. సిస్టరు వద్దంటున్నా రాశాను.

"నువ్వా?" అతను నవ్వబోయి ఆగిపోయాడు. "నువ్వు టీచరమ్మవంటివి గదా."

"తెలుగు టీచర్ని."

"మరి నీకు అనుకూలం అంటె ఎరుకలేదా?"

"ఎరుకే" అన్నాను.

అతనేం అరవలేదు. అరిస్తే సర్ది చెప్పడానికి ఏదైనా దొరికేది. బాలమ్మ వంగి, నా భుజం మీద నుంచి పాపను తీసుకుంది. తల కింద చెయ్యి వేసి మెల్లగా, నిద్ర చెడకుండా. ఆటో ఎక్కలేదు. నడిచి వెళ్లిపోయారు. నేను పిలవలేదు.

భుజం మీద పాప ఉమ్మి తడి. ఇంటికొచ్చేదాకా ఆరలేదు.

డిసెంబర్ 23

కిరణ్ రెండో జిల్లా కాగితాలు ముందు పెట్టాడు, సంతకం చేయమని. చేయనన్నాను. మొదటి జిల్లా మాటలు మారే దాకా చేయను. మారకపోతే ఆసుపత్రి డాక్టరుకు, పైవాళ్లకు నేనే రాస్తాను, ఎవరు ఎందుకు ఆమోదించారో నా పేరుతో సహా. "ఎమోషనల్ అవుతున్నారు మేడమ్" అన్నాడు. పైవాళ్లను అడుగుతానన్నాడు. అడగడని ఇద్దరికీ తెలుసు.

మధ్యాహ్నం యాదమ్మకు ఫోన్ చేశాను, మాటల పట్టిక ముందు పెట్టుకుని. పునఃపరిశీలన? "మళ్ల రావాలె." కఫం? "తెమడ." రాశాను. నలభై మాటలయ్యేసరికి ఆవిడను వార్డులోకి పిలిచారు. ఎవరికో పురుడట. మిగతావి తరువాత అంది.

ఈ పని మానేద్దామనుకుంటున్నానని ఆవిడతో అన్నాను. "మీరు పోతె ఇంకొకరు వస్తరు మేడమ్. వాళ్లతోని మళ్ల మొదటికెల్లి కొట్లాడాలె నేను" అంది.

బాలమ్మ వాళ్ల ఫోన్ ఇంకా కలవడం లేదు. రీచార్జి నేను చేయించవచ్చు. చేయిస్తే ఏమనుకుంటారో.

డిసెంబర్ 24, బుధవారం

తొమ్మిదింటికే వెళ్లి దవాఖాన బెంచీ మీద కూర్చున్నాను. వస్తారో రారో. పది. పదిన్నర. లోపలికి వెళ్లి అడిగాను — పాప ఎక్స్‌రే చూసి పంపారట, తల్లి వస్తేనే చెబుతామంది నర్సు. సరైన మాటే.

పదకొండింటికి వచ్చారు. కుర్మయ్య నన్ను చూసి గేటు దగ్గరే ఆగిపోయాడు, బీడీ వెలిగించుకున్నాడు. బాలమ్మ లోపలికి వచ్చింది. నా బెంచీ ఖాళీగా ఉన్నా గోడవార నిలబడింది. పాప చేతికి గుడ్డ కట్టి ఉంది. నన్ను చూసి పాప చెయ్యి చాచింది. బాలమ్మ ఆ చేతిని మెల్లగా లోపలికి లాక్కుంది.

మందుల డబ్బా ఆమె సంచిలోంచి కనపడుతోంది. సగం గోలీలు ఖాళీ. మానలేదు.

"అనిత! అనిత తల్లి ఎవరు?"

బాలమ్మ కదిలింది. గది గుమ్మం దాకా వెళ్లి ఆగింది. తిరిగి నా వైపు చూసింది, నేరుగా, ఎంతోసేపు. రమ్మనా? రావద్దనా?

నాకు తెలియలేదు. లేచి నిలబడ్డాను.